ఏమైందని అడగండి, తాగుతావా అని కూడా అడగండి

(సోంపేటలో ఆశా కార్యకర్తలు, ఏఎన్‌ఎంలు, డ్వాక్రా సంఘాల మహిళలతో ఒక మానసిక వైద్యురాలు మాట్లాడిన మాటలకు అక్షర రూపం)

అందరికీ నమస్కారం. కంచిలి, కవిటి, మందస వైపు నుంచి ఆటోల్లో వచ్చినవాళ్ళు కూడా ఉన్నారని చెప్పారు. ముందు మంచినీళ్ళు తాగండి. వెనక నిలబడ్డ అక్కలు ముందుకు రండి, ఇక్కడ కుర్చీలు ఖాళీగా ఉన్నాయి.

మాది టెక్కలి పక్కన పల్లె. మీ మాట నా మాట ఒకటే కాబట్టి పుస్తకం చూసి చదవను. నేను హౌస్ సర్జన్‌గా ఉన్నప్పుడు జరిగిన ఒక సంగతితో మొదలుపెడతాను.

ఎముకల వార్డులో డ్యూటీ. నలభై ఏళ్ళ తాపీ మేస్త్రి, పరంజా మీంచి పడి కాలు విరగ్గొట్టుకుని వచ్చాడు. కట్టు కట్టాం, ఆపరేషన్‌కు రోజు ఇచ్చాం. మొదటి రోజు బాగానే మాట్లాడాడు. రెండో రోజు చేతులు వణుకుతున్నాయి, ఒళ్ళంతా చెమట. జ్వరం వస్తుందేమో అనుకున్నాం. ఆ రాత్రి ఒకసారి ఫిట్స్ వచ్చాయి. మూడో రోజు రాత్రి విరిగిన కాలితోనే మంచం దిగబోయాడు. గోడ మీద తేళ్ళు పాకుతున్నాయన్నాడు. అక్కడ లేని మనిషిని పిలిచి సిమెంటు కలపమన్నాడు. పక్క మంచం ముసలమ్మ ‘గాలి సోకింది’ అంది. మేం తలకు దెబ్బ తగిలిందేమో అనుకున్నాం. మంచానికి కట్టేశాం. మర్నాటికి ఆయన దక్కలేదు.

తర్వాత ఆయన భార్య చెప్పింది. ‘రోజూ తాగుతాడమ్మా. పొద్దున్న లేవగానే ఒక గుక్క పడకపోతే చెయ్యి ఆడదు’ అని. ఆమె ఆ మాట దాచలేదు. మేమే అడగలేదు. కాగితంలో బీపీ రాశాం, షుగర్ రాశాం, పడ్డ ఎత్తు కూడా రాశాం. తాగుతావా, రోజూ ఎంత తాగుతావు, ఆఖరుసారి ఎప్పుడు తాగావు అని మాత్రం ఎవరం అడగలేదు. నేనూ అడగలేదు. చాలా ఏళ్ళయింది కానీ ఆ మనిషి మొహం నాకు ఇప్పటికీ గుర్తుంది. నేను ఈ శాఖలోకి రావడానికి ఆయనే కారణం.

ఆ వార్డులో మేం చేసిన తప్పు మన ఊళ్ళలో రోజూ జరుగుతోంది. మనసుకు జబ్బు చేసినవాళ్ళు మనసు జబ్బని చెప్పుకోరు, చెప్పడం వాళ్ళకు చేతకాదు కూడా. ‘గుండె దడ’ అంటారు. ‘ఒళ్ళంతా పీకులు’ అంటారు. ‘తలలో మంట, కడుపులో గ్యాస్, రాతిరి నిద్ర నేదు’ అంటారు. చుట్టూ ఉన్నవాళ్ళు ఇంకో పేరు పెడతారు. బద్ధకం అంటారు, గాలి అంటారు, చిల్లంగి అంటారు. తాగేవాడికైతే ‘బుద్ధి లేదు’ అని పెడతారు. పేరు తప్పు పెట్టాక మందు కూడా తప్పుగానే పడుతుంది.

పలాస జీడి పరిశ్రమలో పనిచేసే ఒకావిడ సంగతి చెబుతాను. ఆమె ఎవరో తెలియకుండా ఉండాలని కొన్ని వివరాలు మార్చాను. సంచి నిండా రిపోర్టులతో వచ్చింది. నడుం ఎక్స్‌రే, కడుపు స్కానింగు, గుండెకు ఈసీజీ. అన్నీ బాగానే ఉన్నాయి. ఏడాదిగా పీకులు. ప్రతి వారం మందుల షాపులో నొప్పి బిళ్ళలు కొనుక్కుని మింగింది. నేను స్కానింగుల గురించి అడగడం ఆపి, ‘అమ్మా, ఈ సంక్రాంతికి గుమ్మం ముందు ముగ్గెయ్యబుద్ధి అయ్యిందా?’ అన్నాను. ఆమె కాసేపు ఏమీ అనలేదు. తర్వాత కళ్ళనీళ్ళు పెట్టుకుంది. ‘మనవడొచ్చినా ఎత్తుకోబుద్ధి అవ్వలేదు డాక్టరమ్మా. ఎందుకు బతుకుతున్నానో తెలీట్లేదు’ అంది. ఆమెకున్నది డిప్రెషన్. ఏడాదిపాటు ఎవరూ పట్టుకోలేదు.

మరో సంగతి కూడా ఆలోచించండి. ఇది ఉద్దానం. కిడ్నీల జబ్బు ఇన్ని ఇళ్ళల్లో ఉంది, దానికి కారణం ఇదీ అని ఇంకా తేలలేదు. నొప్పి బిళ్ళలు అదే పనిగా మింగితే కిడ్నీలకు చేటని మాత్రం తెలుసు. దిగులు వల్ల వచ్చిన పీకులకు ఆమె ఏడాదిపాటు ఆ బిళ్ళలు మింగింది. దిగులు తగ్గలేదు, కిడ్నీలను మాత్రం ప్రమాదంలో పెట్టుకుంది. అందుకే ‘నొప్పులు’ అని పదేపదే వచ్చే మనిషిని ఇక్కడ మరింత జాగ్రత్తగా అడగాలంటాను.

అడగడానికి పెద్ద చదువు అక్కర్లేదు. రెండు ప్రశ్నలు చాలు. గత రెండు వారాల్లో ఎక్కువ రోజులు మనసు దిగులుగా, దేని మీదా ఆశ లేనట్టుగా ఉందా? ఇదివరకు ఇష్టంగా చేసే పనుల మీద ఆసక్తి పోయిందా? ఏ ఒక్కదానికి అవునన్నా ఇంకొంచెం అడగండి. నిద్ర ఎలా ఉంది, ఆకలి ఉందా, ఊరికే నీరసమా, ఏ పనీ మనసు పెట్టి చెయ్యలేకపోతున్నారా, ‘నేనెందుకూ పనికిరాను’ అనిపిస్తోందా, చచ్చిపోవాలనిపిస్తోందా. రెండు వారాలు అని ఎందుకు అంటున్నానంటే, బాధ వేరు, జబ్బు వేరు. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను వచ్చినప్పుడు మీలో చాలామంది కొబ్బరి, జీడి తోటలు ఒక్క రాత్రిలో పడిపోయాయి. మళ్ళీ నాటిన కొబ్బరి మొక్క కాపుకు రావాలంటే ఆరేడేళ్ళు. ఆ తోట చూసి ఏడవని మనిషికే మనం భయపడాలి. ఏడవడం జబ్బు కాదు. పలకరిస్తే కాస్త తేరుకుంటూ, పిల్లల కోసమైనా లేచి పొయ్యి వెలిగిస్తున్నారంటే అది దుఃఖమే. వారాలు గడుస్తున్నా లేవలేక, తినలేక, ఎవరితోనూ కలవలేక ఉన్నారంటే డాక్టరుకు చూపించాలి.

డయాలసిస్ చేయించుకునేవాళ్ళ ఇళ్ళకు మీరు వెళ్తూనే ఉంటారు. వాళ్ళలో దిగులు కనిపెట్టడం కష్టం. నీరసం, ఆకలి లేకపోవడం, నిద్ర పట్టకపోవడం కిడ్నీ జబ్బులోనూ ఉంటాయి. అందుకని వాళ్ళను రెండో ప్రశ్నే ఎక్కువ అడగండి. ఆ మనిషి దేనికోసం ఎదురుచూస్తున్నాడు? టీవీలో క్రికెట్టా, కూతురి ఫోనా, గుడిలో భజనా? ఏదీ లేదంటే అనుమానించండి. మందు ఇచ్చే డాక్టరుకు కిడ్నీ జబ్బు ఉందని తప్పకుండా చెప్పాలి. మోతాదు మార్చాల్సి వస్తుంది. వాళ్ళను చూసుకునే భార్యనో కోడలినో కూడా అదే పూట పక్కకు పిలిచి, ‘నువ్వెలా ఉన్నావమ్మా?’ అనండి. ఆ మాట వాళ్ళను అడిగేవాళ్ళే ఉండరు.

వలస వెళ్ళినవాళ్ళ ఇళ్ళు కూడా అంతే. చెన్నై, హైదరాబాదు పనులకు, వేరావల్ వేటకు మగవాళ్ళు వెళ్ళిపోతే ఇక్కడ ఆడవాళ్ళు ఒంటిచేత్తో సంసారం ఈదుతారు. 2018 నవంబరులో గుజరాత్ తీరం నుంచి వేటకు వెళ్ళిన మన మత్స్యకారులు పాకిస్తాన్‌కు పట్టుబడి, 2020 జనవరిలో గానీ తిరిగి రాలేదు. ఏడాదికి పైగా ఆ ఇళ్ళల్లో అమ్మలు, భార్యలు ఎలా పడుకుని ఎలా లేచారో ఊహించండి. మన భాషలో ‘బెంగ’ అని చక్కటి మాట ఉంది. బెంగ పెట్టుకున్న మనిషికి అన్నం సయించదని మన పెద్దవాళ్ళకు ఎప్పుడో తెలుసు. ‘డిప్రెషన్ ఉందా’ అని అడిగితే ఎవరికీ అర్థం కాదు. ‘బెంగగా ఉందా’ అని అడగండి, చెబుతారు.

బాలింతల సంగతి మీకు నాకంటే బాగా తెలుసు. కాన్పయ్యాక మొదటి పది రోజులు ఊరికే ఏడుపు రావడం మామూలే, తగ్గిపోతుంది. రెండు వారాలు దాటినా ఏడుస్తూ, బిడ్డను దగ్గరకు తీసుకోకుండా ఉంటే అది జబ్బు. ఇంకొకటి ఉంది. బాలింత నిద్ర పూర్తిగా మానేసి, ఏవో మాటలు వినిపిస్తున్నాయని, బిడ్డ తన బిడ్డ కాదని అంటే అదే రోజు ఆసుపత్రికి తీసుకెళ్ళాలి. దిష్టి తీసి రేపు చూద్దాం అనుకోకండి. తల్లికీ బిడ్డకూ ఇద్దరికీ ప్రాణాపాయం.

గుండె దడ గురించి ఒక మాట. ఉన్నట్టుండి గుండె వేగంగా కొట్టుకోవడం, ఊపిరాడకపోవడం, చేతులు తిమ్మిరెక్కడం, ‘చచ్చిపోతున్నాను’ అని భయం. పది నిమిషాల్లో బాగా పెరిగి తర్వాత మెల్లగా తగ్గుతుంది. దీన్ని పానిక్ అంటాం. మొదటిసారి వచ్చినప్పుడు ఈసీజీ తీయించాల్సిందే, టెన్షన్ అని కొట్టిపారేయకండి. గుండె బాగుందని తేలాక కూడా మళ్ళీ మళ్ళీ వస్తుంటే దానికి వైద్యం ఉంది. నిద్రమాత్రలు మాత్రం ఆ వైద్యం కాదు. అల్ప్రాజోలం లాంటి బిళ్ళలు కొన్ని వారాలు వరసగా వాడితే అలవాటైపోతాయి, ఆపితే దడ రెట్టింపవుతుంది. పాత చీటీ చూపించి షాపులో ఏళ్ళ తరబడి కొంటున్న అమ్మలు మీ ఊళ్ళో ఉంటారు. వాళ్ళను తిట్టకండి, హఠాత్తుగా ఆపించకండి. మెల్లమెల్లగా తగ్గించాలి, అది డాక్టరు దగ్గరుండి చేయించే పని.

డిప్రెషన్‌కు ఇచ్చే మందులు వేరు. వాటికి మనిషి బానిస కాడు. ఈ తేడా తెలియక ‘మనసు మందులు మొదలెడితే జన్మంతా వదలవు’ అనే పుకారు పుట్టింది. ఆ మందులు పనిచేయడానికి రెండు నుంచి నాలుగు వారాలు పడుతుంది. మొదటి వారంలో గుణం కనపడదు, కాస్త కడుపులో తిప్పడం, తలనొప్పి మాత్రం కనపడతాయి. దాంతో మానేస్తారు. మీరు చేయగలిగే పెద్ద సాయం అక్కడే. మందు మొదలుపెట్టిన మొదటి నెలలో రెండుసార్లు ఆ ఇంటికి వెళ్ళి, ‘ఇంకో పది రోజులు చూడమ్మా’ అనండి. తగ్గాక కూడా ఆరు నుంచి తొమ్మిది నెలలు వాడాలి, డాక్టరు చెప్పినట్టు మెల్లగా ఆపాలి. దాంతోపాటు రోజుకు ఒక చిన్న పని పెట్టండి. మనసు బాగుపడ్డాక పని చేద్దామని కూర్చుంటే ఆ రోజు రాదు. పొద్దున్నే పెరట్లో నాలుగు మొక్కలకు నీళ్ళు పొయ్యమనండి. వారానికోసారి సంఘం మీటింగుకు చెయ్యి పట్టుకుని తీసుకురండి.

బెంగళూరులోని మానసిక వైద్య సంస్థ నిమ్హాన్స్ 2015–16లో 12 రాష్ట్రాల్లో జాతీయ సర్వే చేసింది. అందులో మన రాష్ట్రం లేదు కానీ లెక్క మనకూ వర్తిస్తుందనే నేను అనుకుంటున్నాను. పెద్దవాళ్ళలో నూటికి పది మందికి పైగా ఏదో ఒక మానసిక జబ్బుతో ఉన్నారని, జబ్బును బట్టి అలాంటివాళ్ళలో నూటికి 70 నుంచి 92 మందికి వైద్యం అందడం లేదని తేలింది. మీరు తిరిగే ఊళ్ళో ఎన్ని గడపలున్నాయో లెక్కపెట్టుకోండి.

ఇక తాగుడు సంగతి. ఇక్కడ కూర్చున్నవాళ్ళలో సగం మంది దీనికోసమే వచ్చారని నాకు తెలుసు.

ఒక క్వార్టర్ సీసా అంటే 180 మిల్లీలీటర్లు. అందులో సుమారు 60 గ్రాముల ఆల్కహాల్ ఉంటుంది. నాటుసారాలో ఎంత ఉంటుందో, ఏం కలుస్తుందో కాసినవాడికే తెలియదు. రోజూ ఇంత లోపలికి వెళ్తుంటే మెదడు దానికి తగ్గట్టు సర్దుకుంటుంది. మత్తు మెదడును అణుస్తుంటే, మెదడు ఎదురు తోస్తూ ఉంటుంది. ఒక్కసారిగా మత్తు తీసేస్తే ఆ తోపు మిగిలిపోతుంది. తలుపును అటు నుంచి ఒకరు, ఇటు నుంచి ఒకరు నెడుతున్నప్పుడు ఒకరు తప్పుకుంటే రెండోవాడు ముందుకు పడతాడు చూడండి, అలా.

ఆఖరు గుక్క తాగిన ఆరు గంటల నుంచి వణుకు, చెమట, వాంతి, గాబరా మొదలవుతాయి. రెండు రోజుల లోపల ఫిట్స్ రావచ్చు. రెండో రోజు నుంచి నాలుగో రోజు మధ్య సంధి కొట్టవచ్చు. మనిషి తికమకపడతాడు, పురుగులు కనిపిస్తాయంటాడు, రాత్రి పగలు తెలియదు. వైద్యం అందకపోతే ప్రాణం పోతుంది. నా మేస్త్రికి జరిగింది ఇదే. తాగేవాళ్ళందరికీ ఇలా కాదు. రోజూ బాగా తాగేవాళ్ళకు, పొద్దున్నే తాగేవాళ్ళకు, ఇదివరకు మానినప్పుడు ఫిట్స్ వచ్చినవాళ్ళకు ఈ ప్రమాదం ఎక్కువ.

కార్తీకమాసం వచ్చేసరికి మా దగ్గరకు ఇలాంటి కేసులు పెరుగుతాయి. అయ్యప్ప మాల వేసుకుంటారు, దసరాకు భవానీ మాల వేసుకుంటారు. ఇరవై ఏళ్ళ తాగుడు ఒక్క పూటతో ఆపేస్తారు. ఎంత గట్టి సంకల్పమో చూడండి. ఆ సంకల్పానికి నేను దణ్ణం పెడతాను. మూడో రోజు స్వామి వణుకుతుంటాడు, ఊగుతుంటాడు, ఏదేదో మాట్లాడుతుంటాడు. పీఠం దగ్గరివాళ్ళు దేవుడు పూనాడంటారు, లేకపోతే నియమం తప్పాడు, స్వామికి కోపం వచ్చిందంటారు. కొబ్బరికాయలు కొడతారు. అది సంధి అమ్మా. 108కి ఫోన్ చెయ్యాల్సిన సంధి. మాల వేసుకుంటానన్న మనిషిని మీరు ముందే కనిపెట్టగలరు. వేసుకునే ముందే ఆసుపత్రికి తీసుకురండి. వారం రోజుల పాటు మోతాదు తగ్గించుకుంటూ బిళ్ళలు ఇస్తాం. అప్పుడు మాల వేసుకుంటే 41 రోజులూ దీక్షగా ఉంటాడు. ఆ తర్వాత కూడా మానేసి ఉండగలిగే అవకాశం పెరుగుతుంది. గురుస్వాములతో మీరే మాట్లాడండి, వాళ్ళు కాదనరు. నేను మాట్లాడిన ఒక గురుస్వామి ఇప్పుడు ప్రతి ఏటా ముందుగా తనే ముగ్గురు నలుగురిని పంపిస్తున్నారు.

ఊళ్ళో చేసే మరో పని సెలైన్ బాటిల్ ఎక్కించడం. తాగి తాగి అన్నం మానేసిన మనిషి ఒంట్లో బీ1 విటమిన్ ఉండదు. అలాంటివాళ్ళకు ముందు బీ1 ఇవ్వకుండా గ్లూకోజు ఎక్కిస్తే ఉన్న కాస్తా ఖర్చయిపోయి మెదడు దెబ్బతింటుంది. చూపు మసకబారి, నడక తూలి, కొందరికి జ్ఞాపకం శాశ్వతంగా పోతుంది. చవకైన ఒక్క ఇంజెక్షన్ ముందు వేస్తే ఆగే నష్టం ఇది. సెలైన్ పెట్టేవాళ్ళు ఎవరైనా సరే, ‘బాబూ, ఈయన రోజూ తాగుతాడు, ముందు బీ1 వెయ్యండి’ అని మీరు గట్టిగా చెప్పండి.

ఇప్పుడు మీరందరూ నన్ను బయట వరండాలో అడిగే ప్రశ్న. ‘అమ్మా, ఆయనకు తెలీకుండా కూరలో కలిపే మందు ఉందా?’ దీని మీద కాసేపు ఆగుతాను. ఈ ప్రశ్న అడిగే ప్రతి అక్క వెనకా ఎన్ని రాత్రులున్నాయో నాకు తెలుసు. చెవి దుద్దులు తాకట్టు పెట్టి, ఫోనులో ప్రకటన చూసి, పార్శిల్‌లో పొడి తెప్పించుకున్నవాళ్ళున్నారు. ఆ పొడిలో ఏముందో మనకు తెలియదు. డైసల్ఫిరామ్ అని ఒక అసలు మందు ఉంది. అది ఒంట్లో ఉండగా తాగితే మొహం ఎర్రబడి, గుండె విపరీతంగా కొట్టుకుని, వాంతులై, బీపీ పడిపోతుంది. మనిషి చనిపోవచ్చు. అందుకే ఆ మందును రోగికి అన్నీ చెప్పి, ఆయన ఒప్పుకుంటేనే, తాగి కనీసం ఒక రోజు గడిచాకే మొదలుపెడతాం. తెలియకుండా కలిపితే ఆయన ఎప్పటిలాగే తాగొస్తాడు, ఆ రాత్రే ప్రమాదం జరుగుతుంది. ఇంకో నష్టం కూడా ఉంది. బాగా తాగేవాళ్ళకు భార్య మీద అనుమానం తరచుగా ఉంటుంది. నువ్వు అన్నంలో ఏదో కలిపావని ఒకసారి తెలిస్తే ఇక నీ చేతి అన్నం తినడు, నీ మాట వినడు. ఏ వైద్యానికైనా మనకు కావాల్సిన నమ్మకం అక్కడితో పోతుంది.

తెలిసే వేసుకునే మంచి మందులున్నాయి. నాల్ట్రెక్సోన్, అకాంప్రోసేట్ తాగాలన్న ఆరాటాన్ని తగ్గిస్తాయి. వాటితోపాటు మాట్లాడటం ఉంటుంది. ఏ పూట, ఎవరితో, ఏ దారిలో వెళ్తే కాళ్ళు షాపు వైపు లాగుతున్నాయో కూర్చుని లెక్క తీస్తాం. కూలి డబ్బు చేతికొచ్చే శనివారం సాయంత్రం కొందరికి గండం. ఆ పూట భార్య వెళ్ళి డబ్బు తీసుకుంటే సగం పని అయినట్టు. మళ్ళీ తాగుతారు, చాలామంది తాగుతారు. షుగర్ పేషెంటు పెళ్ళిలో జిలేబీ తింటే ఇన్సులిన్ ఆపేస్తామా? మళ్ళీ తాగాడంటే మళ్ళీ తీసుకురండి. ఢిల్లీ ఎయిమ్స్ వాళ్ళు కేంద్ర ప్రభుత్వం కోసం చేసి 2019లో బయటపెట్టిన సర్వేలో, మద్యానికి బానిసైన 38 మందిలో ఒక్కరికే ఏదో ఒక సాయం అందిందని తేలింది. ఆ ఒక్కరూ రెండుసార్లు, మూడుసార్లు తిరగాల్సి వచ్చినా సరే, తిరగనివ్వండి.

తాగుడు జబ్బు అని నేను చెబుతుంటే, ‘అయితే కొట్టడం కూడా జబ్బేనా?’ అని ఒక చెల్లెమ్మ అడిగింది. కాదు. కొడితే దెబ్బలు తినాల్సిన అవసరం ఏ ఆడదానికీ లేదు. 181కి ఫోన్ చెయ్యండి, పక్కింట్లో తలదాచుకోండి. వైద్యం సంగతి తర్వాత చూద్దాం.

పొగాకు కూడా మత్తే. మన తీరంలో అడ్డపొగ తాగే అవ్వలు ఇంకా ఉన్నారు. నిప్పున్న వైపు నోట్లో పెట్టుకోవడం వల్ల అంగిలి కాలి, తెల్లమచ్చలు వచ్చి, కొందరికి క్యాన్సర్ అవుతుంది. అవ్వ నోరు తెరిపించి టార్చ్ వేసి అంగిలి చూడండి. గంజాయి గురించి కాలేజీ పిల్లల తల్లులకు ఒక్క మాట. చిన్న వయసులో మొదలుపెట్టి ఎక్కువగా తాగే పిల్లల్లో మతి చెదిరే ప్రమాదం పెరుగుతుంది. కుర్రాడు గదిలోంచి రాకుండా, తనలో తను మాట్లాడుకుంటూ, ఇంట్లోవాళ్ళనే అనుమానిస్తుంటే తొందరగా చూపించండి. ఎజ్జోడి దగ్గర, అంటే మంత్రగాడి దగ్గర, ఆరు నెలలు గడిపి వచ్చినవాళ్ళ కంటే మొదటి నెలలో వచ్చినవాళ్ళు బాగా కోలుకుంటారు. గుడికి వెళ్ళొద్దని నేను చెప్పను. గుడికి వెళ్ళండి, మందూ వేయండి. గొలుసుతో కట్టడం మాత్రం వద్దు. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 95వ సెక్షన్ దాన్ని నిషేధించింది.

ఇక ఆత్మహత్య మాట. ‘అడిగితే లేని ఆలోచన పెట్టినట్టవుతుందేమో’ అని మీకు భయం. అవదు. ఉన్న ఆలోచన బయటికి వస్తుంది, అంతే. ‘చచ్చిపోవాలని ఎప్పుడైనా అనిపిస్తోందా?’ అని సూటిగా, మెల్లగా అడగండి. అవునంటే ఉపన్యాసం చెప్పకండి, పిల్లల మొహం చూడు అనకండి. వాళ్ళు అప్పటికే పిల్లల మొహం చూసి ఏడ్చి ఉంటారు. వినండి. ఒంటరిగా వదలకండి. ఇంట్లో పురుగుమందు డబ్బాలుంటే ఆ పూటే వేరే ఇంటికి చేర్చండి. చావాలన్న ఆలోచన చాలామందికి తరంగంలా వచ్చి పోతుంది. ఆ కాసేపు చేతికి ఏమీ అందకపోతే ప్రాణం నిలుస్తుంది. ప్రమాదకరమైన పురుగుమందులను నిషేధించాక శ్రీలంకలో ఆత్మహత్య మరణాలు బాగా తగ్గాయి. మన సంఘం ఊరికి ఒక తాళం గది పెట్టుకుని పురుగుమందులన్నీ అక్కడే ఉంచుకోవచ్చు. ఈ మాట తీర్మానంగా రాసుకోమని మిమ్మల్ని బతిమాలుతున్నాను.

కేసవుతుందని ఆసుపత్రికి తీసుకురాని ఇళ్ళున్నాయి. 2017 చట్టం 115వ సెక్షన్ ప్రకారం, ఆత్మహత్యాయత్నం చేసిన మనిషి తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నాడనే భావించాలి, శిక్షించకూడదు. 2024 జూలై 1 నుంచి వచ్చిన కొత్త శిక్షాస్మృతిలో పాత 309 సెక్షనే లేదు. ఆసుపత్రి నుంచి పోలీసులకు కబురు వెళ్తుంది, వాళ్ళొచ్చి వివరాలు రాసుకుంటారు, దానికి భయపడి ఒక్క గంట కూడా ఆలస్యం చేయకండి.

నంబర్లు రాసుకోండి. మనసు బాగోనప్పుడు మాట్లాడటానికి టెలీ మానస్ 14416. 2022 అక్టోబరు 10న మొదలైంది, రాత్రీ పగలూ పనిచేస్తుంది, డబ్బు పడదు, తెలుగులో మాట్లాడతారు. మత్తు మానడానికి 14446. శ్రీకాకుళం రిమ్స్‌లో మానసిక విభాగం ఉంది. విశాఖ వాల్తేరులో మానసిక వైద్యానికే పెద్దాసుపత్రి ఉంది. ‘వాల్తేరు పంపించాలి’ అనే మాటను మనం తిట్టుగా వాడుకున్నాం ఇన్నాళ్ళూ. అక్కడ వైద్యం చేయించుకుని ఇంటికొచ్చి పొలం చేసుకుంటున్నవాళ్ళు నాకు చాలామంది తెలుసు.

అక్కడ చివర చెయ్యెత్తిన అక్కా, చెప్పండి. ‘మా మరిది రమ్మంటే రాడు, వచ్చే కార్తీకానికి మాల వేస్తానంటున్నాడు.’ సరే. ఆయన రాకపోతే ముందు మీరు రండి, ఆయన లేకుండానే మాట్లాడుకుందాం. తాగి ఉన్నప్పుడు ఒక్క మాట కూడా అనకండి. పొద్దున్నే, చేతులు వణుకుతున్నప్పుడు టీ ఇచ్చి పక్కన కూర్చోండి. ‘తాగుడు మాను’ అనకండి. ‘రాత్రి నిద్ర పట్టిందా బాబూ, కడుపులో మంట ఎలా ఉంది’ అనండి. ఆయన ఏ బాధ చెబితే ఆ బాధకే డాక్టరు దగ్గరకు వెళ్దాం అనండి. కడుపుమంటకు వచ్చినా చాలు, మిగతాది నేను అడుగుతాను. రోజుకు ఎంత, ఆఖరుసారి ఎప్పుడు, ఇంతకుముందు మానితే ఫిట్స్ వచ్చాయా, ఈ మూడూ మీరు కనుక్కుని కాగితం మీద రాసి ఆయనతోపాటు పంపండి. మాలకు ముందు రెండు వారాలు చేతిలో ఉండేలా చూసుకోండి.

నేను సాయంత్రం అయిదింటి దాకా ఇక్కడే ఉంటాను. అందరి ముందు చెప్పుకోలేనివి ఉంటే ఆ వెనక గదిలో కూర్చుంటాను, ఒక్కొక్కరే రండి. ఆఖరి బస్సుకు వెళ్ళాల్సినవాళ్ళు ముందు రండి.